మనుషులు సరిపడా ఉన్న రోజు

"మనుషులు లేరు" అనే మాటను నేను నాలుగు భాషల్లో చెప్పగలను. తెలుగులో, ఇంగ్లీషులో, హిందీలో, ఆపైన గల్ఫ్‌కి వచ్చిన మొదటి వారంలోనే అందరికీ పట్టుబడే సైట్ అరబ్బీలో. "ఆద్మీ మాఫీ" అంటే చాలు, ఒమాన్‌లో ఏ మూల ఏ కట్టడం దగ్గరైనా అవతలివాడు తలూపుతాడు. వాడి దగ్గరా లేరు కాబట్టి. ఉద్యోగంలో నా చివరి ఏళ్లన్నీ ఈ మాటను పైవాళ్లకు మర్యాదగానూ, కిందివాళ్లకు గట్టిగానూ చెప్పడంతోనే గడిచిపోయాయి. అందుకు నాకు జీతమిచ్చారు, మస్కట్‌ ఘుబ్రాలో ఫ్లాట్ ఇచ్చారు, రిటైరైన రోజున ఆ మండుటెండల్లో ఉన్ని శాలువా కూడా కప్పారు.

నా హోదా మ్యాన్‌పవర్ కోఆర్డినేటర్. మా ఆవిడ చుట్టాలకు "మావారు మనుషుల్ని చూస్తుంటారండి" అని చెప్పుకునేది. అందులో అబద్ధమేమీ లేదు. ఉన్న కొద్దిమందినే పొద్దస్తమానం చూస్తూ ఉండేవాణ్ణి. ఇప్పుడు చదువులు ముగించుకుని గల్ఫ్ కంపెనీల ఆఫీసుల్లో కుర్చీలెక్కబోయే పిల్లలూ, మీకు కూలీల కొరత గురించి పెద్ద పెద్ద స్లైడ్లు చూపిస్తారు. అవి చూడండి, కాదనను. ఆ తర్వాత ఈ ముసలాడి మాట కూడా కాస్త వినండి.

మాకప్పుడు సమాయిల్ దాటాక ఒక స్కూలు కడుతున్న సైట్ ఉండేది. గోడలు లేచాయి, పై శ్లాబు పడాలి. శ్లాబు పడాలంటే సెంట్రింగ్ కొట్టే మనుషులు కావాలి, వాళ్లే లేరు. ఎందుకు లేరో చెబుతాను. లీవుకు వెళ్లినవాళ్లు కొందరు తిరిగి రాలేదు. అది చూసి కంపెనీ మిగిలినవాళ్ల లీవులు ఆపింది. లీవులు ఆపారని తెలిసి కొత్తవాళ్లు రావడం మానేశారు. కొత్తవాళ్లు రావడం లేదని ఉన్నవాళ్ల లీవులు ఇంకా గట్టిగా బిగించారు. ఈ మొత్తం వ్యవహారాన్ని మా ప్రాజెక్ట్ మేనేజర్ మీటింగుల్లో గ్లోబల్ లేబర్ షార్టేజ్ అనేవాడు. గ్లోబు మొత్తాన్నీ లాగితే తన వాటా తగ్గుతుందని కాబోలు.

మేనేజర్‌ది హైదరాబాద్. నాకంటే చాలా చిన్నవాడు, చురుకైనవాడు. నాతో పని పడితే "అన్నా" అనేవాడు, కోపమొస్తే "మిస్టర్" అనేవాడు. రోజులో ఎన్నిసార్లు అన్నను, ఎన్నిసార్లు మిస్టర్‌ను అన్న దాన్ని బట్టి సైట్ పరిస్థితి నాకు తెలిసిపోయేది.

ఇక సెంట్రింగ్ మేస్త్రి. శ్రీకాకుళం జిల్లావాడు. పనిమంతుడే గానీ అణకువ మాత్రం లేదు. నోరు తెరిస్తే గొప్పలు. తాను కొట్టిన సెంట్రింగ్ మీద ఏనుగుల్ని నడిపించొచ్చంటాడు. బీడీ మానేశానని రోజూ చెబుతాడు, రోజూ కాలుస్తాడు. రెండేళ్లు దాటిపోయినా అతనికి లీవు రాలేదు. అతను పోతే ఆ పని చూసే నాథుడు లేడు, అందుకని.

ఒకసారి కంపెనీ నన్ను మనుషుల్ని తెమ్మని శ్రీకాకుళం పంపింది. అక్కడొక కల్యాణ మండపం అద్దెకు తీసుకుని, బ్యానర్ కట్టి, చెక్కలు, మేకులు ముందేసుకుని కూర్చున్నాను. జనం బాగానే వచ్చారు. మేం పెట్టిన మజ్జిగ తాగారు. చెక్కలు కోసి, మేకులు కొట్టి చూపించారు. ఇంటర్వ్యూ మొదలైంది, కాకపోతే అది వాళ్లు నన్ను చేసిన ఇంటర్వ్యూ.

"గదికి ఎంతమందిమి బాబూ?"

"ఆరుగురు."

"ఏసీ ఉంతాదా?"

"ఉంటుంది."

"ఉండడం కాదు బాబూ, పంజేస్తాదా?"

చేస్తుందన్నాను. చాలావరకు చేసేది.

"రెండేళ్లకి సెలవు అంతన్నారు. కాయితం మీదా, నిజింగానా?"

ఆ ప్రశ్న అడిగినవాడికి నేను చెప్పిన జవాబు నచ్చినట్టు లేదు. "ఒక్క పాలి మాటాడొస్తాను" అని ఫోన్ పట్టుకుని బయటికి వెళ్లాడు. వాడి వెనక ఇంకొకడు. ఒకరి తర్వాత ఒకరు అందరూ మండపం వసారాలో నిలబడి ఫోన్లు మాట్లాడి వచ్చారు. వచ్చి, నమస్కారం పెట్టి, ఇంకోసారి మజ్జిగ తాగి వెళ్లిపోయారు. ఒక్కడూ సంతకం పెట్టలేదు.

వాళ్లు ఫోన్ చేసింది మా మేస్త్రికే. ఇది మా కంపెనీలో పైవాళ్లెవరికీ తెలియని సంగతి. ఆ ఊళ్లవాళ్లు ఏజెంటు మాట నమ్మరు, బ్యానర్ నమ్మరు, నాలాంటి టై కట్టుకున్నవాణ్ణి అసలే నమ్మరు. తమవాడు ఒకడు అక్కడ ఉంటే వాణ్ణి అడుగుతారు. వాడు రమ్మంటే ఊరికి ఊరే కదులుతుంది. వద్దంటే విమానం గుమ్మంలోకి తెచ్చి నిలబెట్టినా ఎక్కరు.

నేను తిరిగొచ్చి మేస్త్రిని పట్టుకున్నాను. "మీవాళ్లకు ఏం చెప్పావయ్యా?"

"అడిగిందానికి సెప్పినాను బాబూ. కూడెలాగుంది అన్నారు, బాగుంది అన్నాను. జీతం అందుతాదా అన్నారు, అందుతాది అన్నాను. మరి నువ్వెప్పుడొస్తావు అన్నారు. తెల్దు అన్నాను. అంతే."

"ఆ చివరిది చెప్పకపోతే ఏం పోయింది?"

"నువ్వు ముందు ఊరొచ్చి మాకు కనబడు, అప్పుడు మేం బయల్దేర్తాం అంతన్నారు బాబూ. నానేటి సేసీది?"

ఈ సంగతి మేనేజర్‌కు చెప్పాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "సింపుల్ అన్నా. వాళ్లను ముందు రమ్మను, ఆయన్ను అప్పుడు పంపిద్దాం" అన్నాడు. అక్కడ వాళ్లు మేస్త్రి వస్తేనే వస్తామంటారు. ఇక్కడ ఈయన వాళ్లొస్తేనే మేస్త్రిని పంపుతానంటాడు. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు. ఈ ముడిని కోఆర్డినేట్ చేయడానికే నన్ను ఉద్యోగంలో పెట్టుకున్నారని నాకప్పుడు అర్థమైంది.

ఇంతలో మేస్త్రి ఇంటి నుంచి కబురొచ్చింది. అతని భార్య గుండెలో కవాటం చెడింది. నాలుగడుగులు నడిస్తే ఆయాసం. విశాఖపట్నంలో పెద్దాసుపత్రిలో ఆపరేషన్‌కు రోజు ఇచ్చారు. మేస్త్రి లీవు అడిగాడు. శ్లాబు పడ్డాక అన్నారు. ఆపరేషన్ వాయిదా పడింది. మళ్లీ రోజు ఇచ్చారు. మళ్లీ అడిగాడు. మళ్లీ శ్లాబు పడ్డాకే అన్నారు. అదీ తప్పిపోయింది. ఆయన లేకుండా చేయించుకోవచ్చు కదా అని మీరంటారు. నేనూ అన్నాను.

"మా ఇంటిది మొండిది బాబూ," అన్నాడు మేస్త్రి, గొప్ప చెబుతున్నాడో విసుక్కుంటున్నాడో తెలియకుండా. "నువ్వొచ్చి ఆ ఆపరేసను గది తలుపు కాడ నిలబడితే గానీ లోపలికెల్లను అంతంది. తలుపు కాడ నిలబడి నానేటి సేత్తాను? నానేమన్నా డాకటేరునా? సెప్తే ఇనదు."

డాక్టరు మూడోసారి రోజు ఇచ్చి, ఇది కూడా దాటితే నన్ను అడగొద్దని చెప్పేశాడట. ఆ మాట చెబుతున్నప్పుడు మేస్త్రి గొంతులో గొప్పలేమీ లేవు. నాకు భయం వేసింది. నేను మేనేజర్‌ను తీసుకుని సైట్‌కే వెళ్లాను. పని చేస్తున్నవాళ్లందరూ చుట్టూ చేరారు. మేనేజర్ మేస్త్రి భుజం మీద చెయ్యేసి అందరికీ వినబడేలా అన్నాడు: "నాకు మాత్రం మనసు లేదా? మనుషులు సరిపడా ఉన్న రోజు, ఆ రోజే, నిలబడ్డచోటే సంతకం పెడతా. ఇది నా మాట."

ఆ మాట ఇచ్చి ఆయన చాలా తేలికపడ్డాడు. మనుషులు సరిపడా ఉండే రోజు రాదని ఆయనకు తెలుసు కదా.

వచ్చింది. ఎలాగంటారా? స్కూలు కట్టిస్తున్న వాళ్లకు పని నత్తనడకన సాగుతోందని అనుమానమొచ్చింది. సైట్‌లో మనుషులు తక్కువైతే పని వేరేవాళ్లకు ఇచ్చేస్తామని, తమ ఇంజనీరు స్వయంగా వచ్చి చూస్తాడని కబురు పెట్టారు. ఆ రోజు మేనేజర్ నన్ను పొద్దున్నే వరుసగా "అన్నా, అన్నా" అన్నాడు. నాతో పెద్ద పనే పడిందని అర్థమైంది.

ఆయన ఉపాయం తేలికే. మనుషులు లేకపోతే ఉన్నవాళ్లనే మనుషుల్ని చేయడం. ఘుబ్రా ఆఫీసు నుంచి అకౌంట్స్ కుర్రాళ్లను, డ్రైవర్లను, టీ ఇచ్చేవాణ్ణి బస్సెక్కించాం. క్యాంపులో వంటవాడినీ, అతని సహాయకులనూ ఎక్కించాం. అప్పటికీ వరుస పలచగా కనబడుతోందని మేనేజర్ డ్రైవర్‌ను సమాయిల్ బజారుకు పంపాడు. అతను అక్కడి దర్జీని, మంగలి షాపతన్ని ఒక పూటకు మాట్లాడుకొచ్చాడు. అందరికీ హెల్మెట్లు, పసుపుపచ్చ జాకెట్లు పంచింది నేనే. మనుషుల్ని సమకూర్చడం నా ఉద్యోగం.

మా వంటవాడిది కోనసీమ. హెల్మెట్ నెత్తిన పెట్టుకోగానే చెమటలు కారుతున్నాయి. "ఆయ్, ఏదో మీరు చెప్పారని వచ్చానండి. నాకు తెలిసిన ఇనుము బాణలి ఒక్కటేనండి బాబూ," అన్నాడు. ఎవరైనా పనేమిటని అడిగితే షట్టరింగ్ అనమని చెప్పాను, ఇక్కడ సెంట్రింగ్‌ను అలాగే అంటారు. పాపం దాన్ని తలకెక్కించుకోవడానికి బస్సులో దారి పొడుగునా జపం చేస్తూనే వచ్చాడు.

ఈ సేనను మేస్త్రికి అప్పగించాం. అతను ఒక్కొక్కరినీ కిందికీ పైకీ చూసి, ఎక్కడ నిలబడితే ప్రాణాపాయం లేదో అక్కడ నిలబెట్టాడు. అకౌంట్స్ కుర్రాడి మెరిసే బూట్లు చూసి, "ఈ బాబుని నీడలో ఎట్టండి, కరిగిపోతాడు" అన్నాడు. వంటవాడి చేతిలో సుత్తి లాక్కుని పార ఇచ్చాడు. "నీ ఏలు పోతే మాపటేల మాకు కూడెవులు వొండుతారు?"

ఇంజనీరు వచ్చాడు. ఒమానీ. పాదాల దాకా తెల్లటి దిష్దాషా అంగీ, కుట్టుపని చేసిన టోపీ, సన్నగా తీర్చిన గడ్డం. యువకుడే గానీ చాలా నెమ్మది. అందరికీ సలాం చెప్పి, చెయ్యి కలిపి, మేం తెప్పించిన ఖర్జూరం ఒకటి నోట్లో వేసుకుని నడవడం మొదలుపెట్టాడు. మన హిందీ బాగానే వచ్చు. ముందు వంటవాడి దగ్గర ఆగాడు. వంటవాడు మహా శ్రద్ధగా తొట్టిలో సిమెంటు మాలు కలుపుతున్నాడు, అడుగంటకుండా. కలిపి, పారను తొట్టి అంచు మీద టంగుమని కొట్టి దులిపాడు, గరిటె దులిపినట్టు.

"నీ పనేమిటి?" అని హిందీలో అడిగాడు ఇంజనీరు.

"షట్టరింగ్ సాబ్," అన్నాడు వంటవాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. అలవాటు కొద్దీ, "బాగా ఉడికింది సాబ్" అని కూడా అన్నాడు.

ఇంజనీరు ముఖంలో ఏమీ కనబడలేదు. ఇంకొంచెం ముందుకు వెళ్లి ఒకచోట టక్కున ఆగిపోయాడు. ఇనుప చువ్వను పట్టుకుని నిలబడ్డ మనిషిని కాసేపు చూశాడు. తర్వాత తన గడ్డం నిమురుకున్నాడు. ఆయన మస్కట్ నుంచి వస్తాడని మేనేజర్ అనుకున్నాడు గానీ, ఆయన ఇల్లు సమాయిల్ ఖర్జూర తోటల మధ్యే. సమాయిల్‌లో ఉండేవాడు సమాయిల్ మంగలి దగ్గరే కదా గడ్డం చేయించుకుంటాడు!

"నిన్న నా గడ్డం చేసింది నువ్వే కదా?"

"ఈ రోజు షాపుకు సెలవు సాబ్," అన్నాడు మంగలి, చువ్వ వదలకుండా.

పని పోయిందనే అనుకున్నాను. ఇంజనీరు మాత్రం నవ్వలేదు, అరవలేదు. తిరిగి నడి సైట్‌లోకి వచ్చి, అందరినీ ఒకసారి కలయజూసి, "మాషా అల్లా. బహుత్ ఆద్మీ," అన్నాడు. "అయితే మీకు మనుషుల కొరత లేదన్నమాట?"

"నో షార్టేజ్ సర్," అన్నాడు మేనేజర్ గట్టిగా. "అస్సలు లేదు."

అప్పుడు పై నుంచి మేస్త్రి నిచ్చెన దిగి వచ్చాడు. తలగుడ్డతో చేతులు తుడుచుకుంటూ నేరుగా ఇంజనీరు ముందు నిలబడి, తన సైట్ హిందీలో, "ముహందిస్ సాబ్, ఆద్మీ బస్ హై?" అని అడిగాడు. ఇంజనీరు గారూ, మనుషులు సరిపోతారా అని.

"బస్ హై," అన్నాడు ఇంజనీరు.

మేస్త్రి మేనేజర్ వైపు తిరిగాడు. "అయితే బాబూ, నా సెలవు."

మేనేజర్ పెదవి మీద నవ్వు చెదరకుండా, పళ్ల మధ్య నుంచి తెలుగులో, "తర్వాత మాట్లాడదాం. ముందు పైకెక్కు" అన్నాడు.

"తర్వాతంటే ఎప్పుడు బాబూ? మనుసులు సరిపడా ఉన్న రోజు అన్నారు. అందరూ ఇన్నారు. ఇదిగో ఉన్నారు. నాను కాదు, ఆయనే సెప్పినాడు."

ఇంజనీరుకు తెలుగు రాదు. కానీ ఏదో జరుగుతోందని ఎవరికైనా తెలుస్తుంది. ఏమంటున్నాడని నన్ను అడిగాడు. మేనేజర్ నా వైపు చూసిన చూపులో అన్నా లేడు, మిస్టర్ ఒక్కడే ఉన్నాడు. ఏదో ఒకటి చెప్పి దాటేయొచ్చు. టీ అడుగుతున్నాడనొచ్చు. నాకు ఆ క్షణంలో నేనెన్నడూ చూడని ఒక మనిషి గుర్తొచ్చింది, ఆయాసపడుతూ ఆసుపత్రి తలుపు బయట పట్టుబట్టి కూర్చున్న మొండి మనిషి. ఉన్నదున్నట్టు చెప్పేశాను. భార్యకు గుండె ఆపరేషనని, రెండుసార్లు తప్పిందని, మనుషులు సరిపడా ఉన్న రోజు లీవు ఇస్తామని మేనేజర్ అందరి ఎదుటా మాటిచ్చారని.

ఇంజనీరు మేనేజర్ వైపు చాలా మర్యాదగా చూశాడు. "ఈ రోజు ఉన్నారు కదా?"

కొరత ఉందంటే పని పోతుంది. లేదంటే మేస్త్రి పోతాడు. అడకత్తెరలో పోకచెక్క ఎలా ఉంటుందో నేను మొదటిసారి అంత దగ్గరగా చూశాను. "ఆఫ్ కోర్స్ సర్," అన్నాడు మేనేజర్. ఇంజనీరు కదలకుండా నిలబడటంతో మేస్త్రి జేబులోంచి తీసిన లీవు కాగితాన్ని అక్కడే కారు బానెట్ మీద పెట్టి సంతకం చేశాడు. సెంట్రింగ్ మీదున్న అసలు పనివాళ్లు నలుగురూ ఈల వేశారు. వాళ్లను చూసి అకౌంట్స్ కుర్రాళ్లూ వేశారు.

ఇంజనీరు కారెక్కుతూ, ఇంతమంది ఉన్నారు కాబట్టి శ్లాబు ఈ వారమే వేసేయమని, తాను నిలబడి చూస్తానని చెప్పాడు. తర్వాత నన్ను దగ్గరకు పిలిచి, నాకు మాత్రమే వినబడేలా, "ఆ రోజు మంగలిని తేవద్దు. నాకు ఆయనతో పనుంటుంది" అన్నాడు.

మర్నాడు మేస్త్రిని ఎయిర్‌పోర్టుకు నా కారులోనే తీసుకెళ్లాను. అంత వాగుడు మనిషి దారంతా ఒక్క గొప్పా చెప్పలేదు. మస్కట్ దగ్గర పడుతుంటే, "బాబూ, ముదీరు మల్లీ మనసు మార్సుకుంతాడా?" అని అడిగాడు, మేనేజర్ గురించి. లేదన్నాను. లోపలికి వెళ్లే ముందు ఇంటికి ఫోన్ చేశాడు. "వస్తన్నాను. మందులేసుకున్నావా?" అన్నాడు అంతే. నాకు చాలా సంతోషమేసింది. కోఆర్డినేటర్‌గా నేను ఒక మనిషిని చేరవలసిన చోటికి సరిగ్గా చేర్చింది నా సర్వీసు మొత్తంలో ఆ ఒక్కసారేనేమో.

శ్లాబు ఎలా పడిందంటారా? నిజ్వాలో ఒక కాంట్రాక్టరు కాళ్లు పట్టుకుని మనుషుల్ని అరువు తెచ్చాం. మేనేజర్ కూడా ప్యాంటు మడిచి కాంక్రీటులో దిగాడు. ఇంజనీరు గొడుగు కింద నిలబడి మొత్తం చూశాడు. శ్లాబు బాగానే వచ్చింది, దాని కింద ఇప్పుడు పిల్లలు చదువుకుంటున్నారు.

ఆపరేషన్ అయింది. మేస్త్రి తలుపు దగ్గర నిలబడ్డాడు, ఆవిడ లోపలికి వెళ్లింది, క్షేమంగా బయటికి వచ్చింది. మేస్త్రి ఊళ్లో కనబడేసరికి, ఈ కంపెనీ సెలవు ఇస్తుందన్న నమ్మకంతో అతని ఊరివాళ్లు కొందరు ధైర్యం చేసి మా దగ్గరికి వచ్చారు. మీటింగులో మేనేజర్ దీన్ని తన కొత్త రిక్రూట్‌మెంట్ పాలసీ ఫలితం అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

మేస్త్రి లీవు మాత్రం అయిపోయింది, అతను రాలేదు. ఫోన్ చేసి రప్పించమని మేనేజర్ నన్ను తన ఎదురుగా కూర్చోబెట్టాడు. చేశాను. ఆవిడ ఎత్తింది. గొంతు బాగా గట్టిగా ఉంది, ఆయాసం లేదు.

"మా ఆయన పనికెల్లినాడు బాబూ. ఈ ఊల్లోనే."

"మళ్లీ ఎప్పుడొస్తాడమ్మా? ఇక్కడ మనుషులు చాలా తక్కువగా ఉన్నారు."

"తెలుసు బాబూ. మీకు మనుసులు తక్కువనే కదా ఇన్నాళ్లూ ఆయన్నొగ్గనేదు. నానేమీ అననేదు. మరి మా ఇంట్లో ఎంతమందున్నామనుకున్నారు బాబూ? పిల్లా నేదు, పెద్దా నేదు. ఆయనా, నానూ."

ఆరోగ్యం జాగ్రత్తమ్మా అని ఫోన్ పెట్టేశాను.

"ఎప్పుడొస్తాడంట అన్నా?" అన్నాడు మేనేజర్.

"రాడు సార్."

"రీజన్?"

"లేబర్ షార్టేజ్," అన్నాను.